చాలు

మొజాయిక్ నేల మీద ఇంకా ఉన్నాయి
నల్లటి జిగురు చారలు.
స్పీకర్లు నిలబడి పోయిన చోట్లు.
గోడకి రెండడుగులు,
రెండడుగుల మూడంగుళాలు,
కిటికీ వైపు కొంచెం వాలుగా ఒకటి.
ఏడేళ్లలో పదకొండు జతలు.
వకుళ కిరసనాయిలు పోసి రుద్దింది,
కొబ్బరినూనె పోసి రుద్దింది.
ఇక వాటి మీదే చాప పరిచేసింది.

పెరంబూర్లో మాది రెండో అంతస్తు.
కింద బస్సు గేరు మార్చితే
వంటింట్లో పళ్లాలు అల్లాడతాయి.
అలాంటి ఇంట్లో కూర్చుని
వయొలిన్ విద్వాంసుడు కమాను ఎత్తే ముందు
ముక్కుతో పీల్చిన గాలి కోసం వెతికాను.
ఒక ఆంప్లిఫయర్లో అది ఎడమ పక్క వినిపించింది.
ఇంకోదాంట్లో కాస్త వెనక్కి జరిగింది.
మూడోదాంట్లో ఆయనకి జలుబు చేసింది.

రిచీ స్ట్రీట్ కుప్పురాజ్‌కి
నా జీతం పడే రోజు నాకంటే ముందు తెలుసు.
"సార్, జపాన్ సరుకు. ఒక డాక్టర్ గారిది.
చెయ్యి పడనిది."
శనివారం సాయంత్రానికి అది
ఆటోలో నా ఒళ్లో ఉండేది,
కాన్పు ఆస్పత్రి నుంచి ఇంటికొస్తున్నట్టు.
మూడు నెలలకి అదే ఆటో, అదే బరువు, వెనక్కి.
ఆ తేడాని నష్టం అనలేదు నేను,
అప్‌గ్రేడ్ అన్నాను.

పరీక్షకి ఎప్పుడూ ఒకటే రికార్డు,
మొదటి నలభై సెకన్లు.
సూది దించడం, చెవి వాల్చడం, ఎత్తడం,
వైరు మార్చి మళ్లీ దించడం.
మెతుకు పట్టి చూస్తూ, మెతుకు పట్టి చూస్తూ
ఏడేళ్లు వడ్డించుకోలేదు.

కార్తీకంలో ఒక ముసురు రోజు
పదకొండో జత కొంటానని
వేళచ్చేరి నుంచి ఇళంపరిది అనే కుర్రాడొచ్చాడు,
హెల్మెట్ నుంచి నీళ్లు కారుతూ.
నలభై సెకన్లు కాగానే నా చెయ్యి దానంతటదే లేచింది.
"ఉండనివ్వండి సార్" అన్నాడు, కళ్లు మూసుకుని.
లేచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
మోకాలి మీద పెట్టుకున్నాను.

ఒక నిమిషం. రెండు.
అక్కడ మృదంగం ఉందని నాకు తెలియదు.
ఏడేళ్లుగా నా ఇంట్లోనే, ఆ అట్ట లోపల,
ఒక మనిషి చేతులు కట్టుకు కూర్చున్నాడు
తన వంతు కోసం.
వాయించాడు.
ఎవరో ముందు వరసలో ఆహా అన్నారు.
వకుళ గరిటెతో గుమ్మంలోకి వచ్చి
"ఈ రికార్డు ఎప్పుడు కొన్నావు?" అంది.

బస్సు వెళ్లింది. పళ్లాలు అల్లాడాయి.

ఇంకొంచెం కాఫీ పోయబోతే
ఆ కుర్రాడు గ్లాసు మీద అరచెయ్యి మూసి
"పోదుం" అన్నాడు.
వాన తగ్గాక వెళ్లిపోయాడు.
ధర మాట అతను ఎత్తలేదు,
నేనూ ఎత్తలేదు.

పోదుం. మనం చాలు అంటాం.
నాగలి గీసిన గీతనీ చాలే అంటాం.
రికార్డు మీద నల్లగా మెరిసేది అదే,
అంచు నుంచి నడుమ దాకా
తెగకుండా తిరిగే ఒకే ఒక్క చాలు.
సగం దుక్కిలో ఎడ్లని విప్పేసి
మెరుగైన ఎడ్ల కోసం
వారం వారం సంతకి పోయినవాణ్ణి.

పదకొండు నెలలైంది.
మానేశానని చెప్పను.
మౌంట్ రోడ్డు మీద ఆ మలుపు వచ్చినప్పుడు
బస్సులో అవతలి కిటికీ చూస్తాను,
కల్లు మానినవాడు తోట చుట్టూ తిరిగిపోయినట్టు.
నిన్న కుప్పురాజ్ ఫోన్ చేశాడు.
"సార్, ఆ డాక్టర్ గారిదే, ఇంకోటి."
ఎంత అని అడిగాను.
అడిగాను, అబద్ధమెందుకు.
అంతలో మొదటి వైపు అయిపోయింది.
"ఉండు, రికార్డు తిప్పాలి" అన్నాను.

లైన్లోనే ఉన్నాడనుకుంటాను
చాలాసేపు.